మూడు కుట్లు వెనక్కి

"ఇది ఎవరి పని?"

మేనేజరు ఆ తెల్లగుడ్డని హాలు మధ్యదాకా ఈడ్చుకొచ్చి కటింగ్ టేబుల్ మీద పడేశాడు. నలభై మంది కుట్టుమిషన్ల మీంచి తలలెత్తి చూశారు. పొద్దున్నే ఆయన గది తలుపుకి వేలాడుతూ కనిపించిన గుడ్డ అది. దాని మీద నీలం దారంతో, అరచెయ్యంత అక్షరాలతో కుట్టి ఉంది: 'బాత్రూమ్ తాళంచెవి హాల్లో ఉండాలి. లేదంటే పది గంటలకి మిషన్లు ఆపేస్తాం.'

ఆ తాళంచెవి సంగతి వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. అది మేనేజరు సొరుగులో ఉంటుంది. వెళ్ళి అడగాలి. ఎందుకంటాడు. చెప్పించుకుని మరీ నవ్వుతాడు. పోయిన వారం కాజాల మిషన్ మీద పనిచేసే పిల్లని, ఆరోనెల కడుపుతో ఉన్నదాన్ని, అరగంట నిలబెట్టాడు. అది అందరి ముందూ ఏడ్చింది. ఏడుపయ్యాక అందరి ముందూ ఆయన్ని దులిపేసింది కూడా.

అందుకే పక్క మిషన్ మీదున్న అక్క ఇప్పుడు దాని వైపు వంగింది. ఆ పిల్ల ఆవిడ సొంత చెల్లెలు. చెల్లెలి ఇంట్లో సంపాదించేది అదొక్కతే.

"నువ్వేనా?" గొణిగింది అక్క.

"ఒట్టు, నేను కాదక్కా."

"నిన్న నీలం దారం ఎందుకడిగావే?"

"కుట్టేవన్నీ నీలం చొక్కాలైతే ఎర్రదారం అడగనా?"

అక్క నమ్మలేదు. దాని నోటి దురుసు ఆవిడకి తెలియందా.

"భూతద్దాన్ని పిలవండి," అన్నాడు మేనేజరు.

భూతద్దం అంటే చెకింగ్ మేడమ్. మెడలో తాడుకి భూతద్దం వేలాడేసుకుని, పదిహేనేళ్ళుగా చొక్కాలకి వంకలు పెట్టి వెనక్కి కొట్టడమే ఆవిడ పని. చేతిరాత చూసి మనిషిని పోల్చినట్టు, కుట్టు చూసి ఎవరు కుట్టారో చెప్పేస్తుంది. "దారం ఊడకుండా చివర మూడు కుట్లు వెనక్కి వెయ్యమంటే రెండేసి ఊరుకుంటారు. మీ సొమ్మేం పోయిందే?" రోజంతా ఇదే పాట. ఒక్కతీ వెయ్యదు. వేస్తూ కూర్చుంటే పని తెమలొద్దూ? ఆవిణ్ణి చూసి నవ్విన పాపాన ఆ హాల్లో ఎవరూ పోలేదు.

భూతద్దం గుడ్డని తిరగేసి, మరగేసి చూసింది. "పేరు చెబితే ఏం చేస్తారు?"

"ఈ పూటే గెంటేస్తా."

"మిషన్లు ఆపితే?"

"ఆపనీ. మధ్యాహ్నానికి ఇంకో నలభై మందిని తెస్తా. నాకు కావలసింది వీళ్ళని నడిపిస్తున్న మనిషి. దాన్ని తీసేస్తే మిగతావాళ్ళు నోరెత్తరు."

"అయితే తలో వరస కుట్టించండి, చూస్తాను."

తలో పీలిక ఇచ్చారు. భూతద్దం మిషన్ మిషన్ దగ్గరా ఆగింది.

"రెండు. ఈ గుడ్డలో అక్షరం అక్షరానికీ చివర మూడున్నాయి. నువ్వు కాదు, నీకంత బుద్ధెక్కడిది? నువ్వూ కాదు. నీదీ రెండే. ఎన్నేళ్ళు మొత్తుకున్నా ఇంతే మీ బతుకులు."

చెల్లెలి పీలిక మీద మాత్రం అద్దం చాలాసేపు నిలిచింది. అక్క ఇక ఉండబట్టలేకపోయింది. గబుక్కున లేచి నిలబడింది.

"అది కాదు. నేనే కుట్టాను."

భూతద్దం ఆవిడ పీలిక తీసుకుని చూసి కింద పడేసింది. "ఈ చేత్తోనా? రెండు కూడా సరిగా పడలేదు. కూర్చో."

గోడ గడియారంలో పదికి ఇంకా పది నిమిషాలుంది.

"తెలిసిందా?" అన్నాడు మేనేజరు.

"తెలిసింది. ఊరికే చెప్పను. తాళంచెవి ఆ మేకుకి తగిలించండి. ఇకమీదట అది అక్కడే ఉంటుందని రాయండి. ఆ కిందే, ఫలానా మనిషిని ఇవాళ్టి నుంచి పనిలోంచి తీసేశామని రాసి సంతకం పెట్టండి. రెండు కాగితాలు. ఒకటి మీకు, ఒకటి గోడకి. పేరు నేను రాస్తాను."

"ఇదంతా ఎందుకు?"

"ఊరికే గెంటితే వీళ్ళు రేపు ఇంకో గుడ్డ కుడతారు. తాళంచెవి మొహాన కొడితే నోరు మూసుకుంటారు. మనిషి పోతుంది, పని ఆగదు."

మేనేజరుకి ఆ లెక్క తెగ నచ్చింది. ముసిముసిగా నవ్వుకుంటూ రాశాడు, సంతకం గీకాడు, తాళంచెవి తెచ్చి మేకుకి తగిలించాడు.

"తాళంచెవికి మనిషిని అమ్మేస్తోంది," అంది వెనక వరసలో ఒకావిడ, వినపడేలాగే.

"దీని నోట్లో మన్ను పడ," అంది ఇంకొకావిడ.

అక్క వెళ్ళి టేబుల్‌కి అడ్డంగా నిలబడింది. "మేడమ్, అది వట్టి మనిషి కాదు. మీరూ ఆడవాళ్ళేగా. మీకు జాలి లేదా?"

"పక్కకి తప్పుకో."

భూతద్దం రెండు కాగితాల మీదా పేరు రాసింది. ఒకటి మడిచి మేనేజరు చేతిలో పెట్టింది. రెండోది తాళంచెవి కింద గోడకి అంటించింది. మెడలోని తాడు తీసి టేబుల్ మీద పెట్టి, తన సంచీ తీసుకుని ఎవరి వంకా చూడకుండా గుమ్మం వైపు నడిచింది. అక్క ఆ నడిచే మనిషిని కసితీరా తిట్టుకుంది. చెల్లెలు ఒక చేత్తో పొట్ట పట్టుకుని లేచింది. అక్క దాని భుజం పట్టుకుని గోడ దాకా నడిపించింది.

కాగితం మీద ఉన్నది భూతద్దం పేరే.