ముక్కు పరీక్ష

హెడ్మాస్టరు సీతారామాంజనేయులు గారికి తన ముక్కంటే మహా గౌరవం. ఆ ముక్కు మాట మీదే, డెబ్బై ఎనిమిదిలో, విశాఖ రేవు దగ్గరి బడి నుంచి జాలరి పేట పిల్లల్ని నలుగురినీ గెంటేశారు. రేవు క్వార్టర్లలో ఉండే ఆఫీసర్ల పిల్లలకు చేపల కంపు కొడుతోందట.

ఏడో తరగతి పరీక్షలు వచ్చేవారమే. మనవరాలు చిట్టెమ్మ ఏడుపు చూడలేక జోగమ్మ చేపల తట్ట దించి, పేట ఆడవాళ్ళందరినీ, ఆ నలుగురు పిల్లల్నీ వెంటేసుకుని బడి మీద పడింది. తగువు తీర్చడానికి బడి కమిటీ ప్రెసిడెంటు గంగాధరరావు గారు పరుగున వచ్చారు.

“మా పిల్లలు తానం సేసే వత్తన్నారు బాబూ. కంపేటి?” అంది జోగమ్మ.

“సబ్బుకు పోయేది కాదమ్మా. పుట్టుకతో వచ్చింది. కళ్ళు మూసుకుని చెప్పగలను” అన్నారు హెడ్మాస్టరు.

“అయితే మూసుకోండి. పిల్లల్ని వరసలో పెడతాం. మా ఓళ్ళని ముక్కుతో ఏరండి. ఏరేత్తే మళ్ళీ ఈ గడప తొక్కం. తప్పితే సేర్సుకోవాల.”

ప్రెసిడెంటు గారు సరేనన్నారు. ఆయన కండువాతోనే హెడ్మాస్టరు కళ్ళకు గంతలు కట్టారు. డ్రిల్లు మాస్టరు గురువులు పిల్లల్ని వరండాలో నిలబెట్టాడు.

పక్క గదిలో ఎవరో పద్యం అందుకున్నారు. హెడ్మాస్టరు మైమరచి తలాడించారు.

“విన్నారా ప్రెసిడెంటు గారూ! ఒక్క ఒత్తయినా జారిందా? సంస్కారమంటే అదీ. ఆ పిల్లల పక్కన ఈ కంపును కూర్చోబెట్టమంటారా?”

ప్రెసిడెంటు గారికి దగ్గొచ్చింది.

ఇక వాసన చూడటం మొదలైంది. ఒకడి నెత్తి దగ్గర ముక్కు పెట్టి, “ఛీ, నెత్తళ్ళు!” అన్నారు. ఇంకొకడి దగ్గర, “ఎండురొయ్యలు!” నీచు ముట్టని మనిషికి ఇన్ని చేపల పేర్లు ఎలా తెలుసో ఎవరూ అడగలేదు. ఏరి ఏరి నలుగురినీ చెవి పట్టుకుని పక్కకు లాగారు.

“ఇంకోపాలి సూడండి బాబూ” అంది జోగమ్మ, కొంగు నోట్లో కుక్కుకుని.

“ఏడ్చి లాభం లేదు జోగమ్మా. నా ముక్కు తప్పు చెప్పదు. ఈ నలుగురూ రేపట్నుంచి బడికి రానక్కర్లేదు!” అంటూ ఆయన గంతలు ఊడలాగారు.

వరసంతా క్వార్టర్ల పిల్లలే. పక్క గదిలో చిట్టెమ్మ మిగతా ముగ్గురు పేట పిల్లలతో కలిసి రెండో పద్యం ఎత్తుకుంది.