నాన్న వాటా

"ఆ కవరు చింపకుండానే పొయ్యిలో పడేద్దాం," అంది జుల్మీరా.

"నోర్ముయ్! పిల్ల బతుకంతా అందులో ఉంటే!" అని భార్య మీద అరిచాడు వల్దివీనో. ఆ అరుపుకి అతని ముక్కు ఊడి బల్ల మీద పడింది.

ఎవరూ చలించలేదు. అది రబ్బరు ముక్కు. వారానికోసారైనా చిక్కుడుగింజల పులుసులో పడుతుంది, కడిగి మళ్ళీ పెట్టుకుంటాడు. అసలుదాన్ని పన్నెండేళ్ళ క్రితమే ఎండ తినేసింది. బ్రెజిల్‌లోని గోయాస్ కొండల మధ్య ఆ ఊళ్ళో సూర్యుడు వెలుగు ఊరికే ఇవ్వడు, పన్ను వసూలు చేస్తాడు. ఒకరి దగ్గర చెవి, ఇంకొకరి దగ్గర పెదవి, వల్దివీనో వాళ్ళన్న దగ్గరైతే ఏకంగా మనిషినే. ఊళ్ళో ముక్కులన్నీ లెక్కపెడితే కుక్కలవే ఎక్కువ తేలతాయి.

బల్లకి అవతల నర్సు రోజిల్డా పిల్ల రక్తపరీక్ష ఫలితమున్న కవరు పట్టుకుని కూర్చుంది. ఇవతల కూతురు లిండావురా గోళ్ళు కొరుక్కుంటోంది.

"ఆ గింజల సంగతి ఇంకోసారి చెప్పమ్మా," అన్నాడు వల్దివీనో ముక్కు తగిలించుకుంటూ. అప్పటికి నలభైసార్లు విన్నాడు.

జుల్మీరా ఏరడానికి బల్ల మీద పోసిన చిక్కుడుగింజల్లోంచి రోజిల్డా కొన్ని నల్లవి, కొన్ని తెల్లవి దగ్గరికి లాక్కుంది.

"ఇది శాపం కాదు పెద్దాయనా, జన్యువు. ఎండ తగిలితే ఒంట్లోని రాతలో మరకలు పడతాయి. నకలు తీసేటప్పుడు ఆ మరకల్ని దాటుకుంటూ రాసుకుపోయే గుమస్తా ఒకడుంటాడు. వాణ్ణి పుట్టించే గింజలు ఒక్కొక్కరికి రెండు. అమ్మ ఒకటిస్తుంది, నాన్న ఒకటిస్తాడు. ఒక్క తెల్లదున్నా చాలు, గుమస్తా పనిలోకొస్తాడు. రెండూ నల్లవైతే వాడు లేనట్టే. మీ జబ్బు అదే."

"అంటే నావి రెండూ నల్లవే."

"రెండూ నల్లవే. మీ బిడ్డలకి మీ నుంచి వచ్చేది నల్లదే, వేరే దారి లేదు. వాళ్ళమ్మ ఏమిచ్చిందో ఈ కాగితం చెప్పాలి."

వల్దివీనో ఒక నల్లగింజ తీసి కూతురి ముందు పెట్టాడు. "ఇదిగో, నీ బాబు ఆస్తి. తిట్టుకోకే తల్లీ."

"రెండోదీ నల్లదైతే అద్దం అమ్మేస్తా నాన్నా. నీ మొహం నాకొద్దు."

"నాకే వద్దు. ఎవరూ తీసుకోవట్లేదు."

లిండావురా నవ్వబోయి ఏడ్చింది. ఇరవైరెండేళ్ళొచ్చినా ఆ పిల్ల ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. ఆ ఘనత తన టోపీలదేనని వల్దివీనో నమ్మకం. చిన్నప్పట్నుంచీ ఒకదాని మీద ఒకటి మూడు టోపీలు పెట్టాడు. బడికి వెళ్తుంటే వెనకే గొడుగు పట్టుకుని నడిచాడు. నీడంతా పిల్లకి, ఎండంతా తనకి. ముక్కు పోయింది ఆ దారిలోనే.

జుల్మీరా మాత్రం అతను పొలానికి వెళ్ళగానే పిల్లని టోపీ లేకుండా వాగుకి వదిలేసేది.

"నువ్వు తల్లివా, తొండవా?" అని మీదపడేవాడు.

"దానికేం కాదు," అనేది జుల్మీరా. ఆ ధైర్యం ఎక్కడిదో అతనికి అర్థమయ్యేది కాదు.

రోజిల్డా కవరు చింపింది. చదివింది. మళ్ళీ మొదట్నుంచి చదివింది. జుల్మీరా పొయ్యి వైపు తిరిగి ఖాళీ గిన్నెలో గరిటె తిప్పుతోంది.

"దాచకమ్మా," అన్నాడు వల్దివీనో. "అందులో ఉన్నది ఉన్నట్టు పెట్టు."

రోజిల్డా నల్లగింజ పక్కన ఒక తెల్లగింజ పెట్టింది.

"తెల్లది! ఒసేయ్ జుల్మీరా, తెల్లదిచ్చావే! గండం గడిచింది!" వల్దివీనో గెంతిన గెంతుకి కోళ్ళు పారిపోయాయి, ముక్కు మళ్ళీ ఊడింది. ఈసారి తీసుకోవాలని కూడా తోచలేదు. లిండావురా అతన్ని కావిలించుకుంది.

"ఇంక గొడుగు పట్టక్కర్లేదు నాన్నా!"

జుల్మీరా ఇటు తిరగలేదు.

"కూర్చోండి పెద్దాయనా," అంది రోజిల్డా. "ఇంకా అయిపోలేదు."

ఆమె అతని నల్లగింజను తీసేసి, ఆ చోట ఇంకో తెల్లగింజ పెట్టింది.