ఏడో నెల యూరియా

ఆటో వచ్చి ఇంటి ముందు ఆగింది. నాలుగు యూరియా బస్తాలు వరండాలో దిగాయి.

"ఎవరు తెప్పించారివి?" కొత్త కోడలు భర్తను అడిగింది.

"నాన్నేనట. పోయిన నెల దుకాణంలో చెప్పి వచ్చాడట. స్టాకు లేక ఇవాళ పంపారు."

మామగారు వరండాలోనే మంచం మీద ఉన్నారు. ఆ రోజు దుకాణం నుంచి తిరిగొచ్చి చెప్పులు విప్పుతూనే కూలబడ్డారాయన. పక్షవాతం. కుడిచెయ్యి పోయింది, మాట పడిపోయింది. మిగిలింది ఎడమచెయ్యి, రెండు కళ్ళు. ఆ కళ్ళు పొద్దస్తమానం ఎదురుగా ఉన్న చెరకుతోట మీదే.

"ఏడో నెల తోటకి యూరియానా!" కోడలు బుగ్గలు నొక్కుకుంది. ఆమె చదివింది వ్యవసాయమే. కాపురానికొచ్చాక ఆ చదువు పనికొచ్చిన మొదటి రోజిది. మహా సంబరంగా ఉంది. "నత్రజని మూడో నెలతో ఆపేయాలి మహానుభావా! ఇప్పుడేస్తే గడ పచ్చగా, ఏపుగా పెరుగుతుంది గానీ పంచదార దిగదు. ఫ్యాక్టరీవాళ్ళు మన లోడు చూసి నవ్వుతారు."

"నన్ను చూసి ఎలాగూ నవ్వుతున్నారు, పెళ్ళాం కొంగు పట్టుకు తిరుగుతున్నానని."

ఆమె కిసుక్కున నవ్వింది. అతని జుట్టులో చిక్కుకున్న తెల్లటి యూరియా గుళికను తీసి, ముత్యంలా వేళ్ళ మధ్య తిప్పి చూసుకుంది.

"నాన్న కూడా ఎప్పుడూ ఇదే మాట చెప్పేవాడు," అన్నాడతను. "మరివి ఎందుకు తెప్పించాడో. అప్పటికే మతి తప్పిందేమో పాపం."

దబ్బున చప్పుడైంది.

మామగారు ఎడమచేత్తో మంచంపట్టె మీద కొట్టారు. మళ్ళీ కొట్టారు. బస్తాలను చూపించారు. తోటను చూపించారు. నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

"చూశారా, ఎంత కోపమొచ్చిందో!" అంది కోడలు. "వెయ్యంలెండి మామయ్యా. వెనక్కి పంపించేస్తున్నాం."

ఆయన తల ఎత్తబోయారు. అది దిండు మీదికే వాలిపోయింది.

కొడుకు బస్తాలు ఒక్కొక్కటే ఆటోలోకి చేరవేశాడు. ఆఖరిది మంచం పక్కనుంచి వెళ్తుంటే ఆయన వేళ్ళు దాని మూల పట్టుకున్నాయి. లాగినా వదల్లేదు.

"అబ్బో, ఏం పట్టు!" కోడలు మురిసిపోయింది. పక్కన కూర్చుని, పసివాడి గుప్పిట్లోంచి బొమ్మను తీసినట్టు ఒక్కో వేలూ మెల్లగా విడదీసింది. "వదలండి మామయ్యా. మీ తోటకేమీ కాదు. పూచీ నాది."

ఆటో కదిలింది. ఆయన కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. ఆమె కొంగుతో తుడిచింది.

"ఎంత నిశ్చింతపడ్డారో చూడండి," అంది భర్తతో.

ఆ రోజు దుకాణానికి వెళ్ళేముందే ఆయన, వరదలో తోటలు పోగొట్టుకున్న పొరుగూరి రైతులకు ఈ చెరకంతా ఫ్యాక్టరీకి పంపకుండా ఎనిమిదో నెలలోనే కోయించి, ముక్కలుగా నాటుకునే విత్తనానికే ఇస్తానని, మొలక బాగా రావడానికి కోతకు నెల ముందు యూరియా కూడా వేయిస్తానని మాట ఇచ్చారు.