ఎండుచేప అని పిలిచిన గొంతు

లుసుంగు పైకి చదువుతుంటే పక్కన కూర్చున్న ముసలాయన ఫక్కున నవ్వాడు.

సరస్సు ఒడ్డునున్న ఎన్‌ఖాటా బే ఊరి రేడియో స్టేషన్ బయట బెంచీ అది. ఆమె చేతిలో తను రాస్తున్న నాటకం.

"ఏంటి తాతా, అంత నవ్వొచ్చిందా?"

"జాలరీ నువ్వే, టీచరూ నువ్వే, తాగుబోతూ నువ్వేనమ్మా. అందరికీ ఒకటే నోరు పెట్టావ్."

ఆమె మొహం మాడిపోయింది. పొద్దున డైరెక్టరూ అదే అన్నాడు. మార్చకపోతే నాటకం ఆపేస్తానన్నాడు.

"అయితే జాలరి ఎట్లా మాట్లాడతాడో నువ్వే చెప్పు."

ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. నోరు తెరిస్తే వచ్చిన గొంతు అతనిది కాదు. బొంగురు గొంతు. మాటమాటకీ ఎగశ్వాస.

"ఏయ్ ఎండుచేపా... పడవ అమ్మొద్దే. పెద్దాడికి... పెద్దాడికి..."

లుసుంగు గబగబా ఆ మాటలు నాటకంలో రాసుకుంది.

"తర్వాత?"

"అంతే. ఇంకేం అనలేదు."

మూడు వారాలు రోజూ వచ్చాడు. ఆమె పెట్టిన ఉడికిన కర్రపెండలం తిన్నాడు. ఒక టీచరు గొంతు, ఒక పసిబిడ్డ తల్లి గొంతు ఇచ్చాడు. ఒక్కరి మాటా పూర్తి కాలేదు.

తర్వాత రావడం మానేశాడు. నాటకం పూర్తయిన సంబరంలో ఆమె ఆయన్ని వెతకలేదు.

ప్రసారమైన మర్నాడే ఒకావిడ స్టేషన్‌కి వచ్చింది.

"నన్ను ఎండుచేపా అని పిలిచింది మా ఆయనొక్కడే. ఆ మాట నీకెవరు చెప్పారు?"

"ఆయన ఎక్కడున్నాడమ్మా?"

"పోయి పదేళ్ళయింది. కొండమీది ఆసుపత్రిలో. వానకి దారి తెగి నేను చేరేలోపే..." ఆవిడ లుసుంగు చెయ్యి పట్టుకుంది. "పడవ అమ్మేశానమ్మా. వద్దన్నాడా?"

సాయంత్రానికి ఇంకో ఇద్దరు, నాటకంలో తమవాళ్ళ మాటలు విన్నామంటూ వచ్చారు. పోయినవాళ్ళు వేరు. ఆసుపత్రి ఒకటే.

తెల్లారగానే లుసుంగు కొండెక్కింది. వరండాలో ఉన్న నర్సుకి ముసలాయన ఆనవాళ్ళు చెప్పింది.

"యోతాము తాత గురించా? పోయిన సోమవారం పాతిపెట్టాం."

లుసుంగు మెట్టు మీద కూర్చుంది.

"పోయేముందు ఏమన్నా అన్నాడా?"

"తెలీదమ్మా. పక్కన ఎవరూ లేరు."

"ఇంతకీ ఎవరాయన?"

"మా వార్డు నేల తుడిచేవాడు. అయినవాళ్ళు సమయానికి రాలేని రోగుల చెయ్యి పట్టుకుని, ముప్పై ఏళ్ళుగా, ఊపిరి ఆగేదాకా కూర్చున్నది ఆయనొక్కడే."