చప్పుడు కాకుండా

“పడేయకు. దించు.”

అసనాలీ ఆ మాట పూర్తి చేసేలోపే ఇనుము కుబాత్ చేతుల్లోంచి జారి దబ్బుమని గోతిలో పడింది. గోడ మీది కోడి అవతలికి దూకింది. ముసలాయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. భార్యను మట్టిచేసి వచ్చిన రోజు నుంచీ ఆయనకు అలాంటి చప్పుడు గిట్టదు.

“మళ్ళీ.”

“మామా, ఇది పందెం గుండుకు రెండింతలుంది. నా నడుం విరిగితే నువ్వు మోస్తావా?”

“నేను మోసే రోజులు పోయాయి. మళ్ళీ.”

కుబాత్ అంటే ఆ కొండ ఊరివాళ్ళ భాషలో బలం. పేరైతే పెట్టారు గానీ, పోయిన నూరూజ్ పండుగ పందెంలో ఆ బలం కాస్తా అందరి ముందూ జావగారిపోయింది. ఇనుప గుండును కాళ్ళ మధ్య నుంచి ఊపి ఊపి, చివర కింద పెట్టాలి. చప్పుడైతే ఓడినట్టే. కుబాత్ చేతిలోంచి జారిన గుండు వేదిక పలకలను విరగ్గొట్టుకుని కిందికి దిగిపోయింది. ఏడాదయినా ఊరు మర్చిపోలేదు. వాడు ఎవరింటికి వెళ్ళినా, “పలకలు జాగ్రత్తమ్మా” అని లోపలికి కేకేసేవాళ్ళు. ఈ పండుగకు ఆ నవ్వు మాన్పించకపోతే ఊళ్ళో తలెత్తుకోలేనని వాడికి తెలుసు.

అందుకే మేనమామ పిలిచి “నేను నేర్పుతాను రా” అన్నప్పుడు ఎగిరి గంతేశాడు. ముసలాయన సామాను చూశాక ఉత్సాహం సగం చచ్చింది. పాత నీళ్ళ గొట్టం ముక్క, దాని నెత్తిన అడ్డంగా అతికించిన పిడి, పిడికి చుట్టిన గొర్రెతోలు. మూలపడ్డ ట్రాక్టరు నుంచి ఊడదీసిన ఇనుప పళ్ళేలు కింద గుచ్చి మర బిగించాడు. పెరట్లో మోకాలి లోతు గొయ్యి కూడా తవ్వించాడు. అందులో నిలబడి, గట్టు మీది ఇనుమును అందుకుని ఊపాలి. చివర గోతి అడుగున పెట్టాలి.

“గొయ్యి ఎందుకు మామా?”

“నీ పాదాలు పారిపోకుండా.”

పోయిన ఏడు గెలిచిన జెనిష్ గుర్రం మీద పోతూ గోడవతల ఆగాడు.

“ఏం బావా, బంగాళాదుంపలు నాటుతున్నావా?”

“నీ పొగరును పాతిపెట్టడానికి తవ్వాం,” అన్నాడు అసనాలీ. “దిగి చూస్తావా?”

జెనిష్ నవ్వుతూ గుర్రాన్ని అదిలించాడు.

శుక్రవారం నమాజు కాగానే అసనాలీ బాత్మా ఇంటికి వెళ్ళేవాడు. ఆమె భర్త పోయినావిడ, ఊరి ఉన్ని తూచే పెద్ద కాటా ఆమె వాకిట్లోనే ఉంటుంది. ఉన్ని కత్తిరించే కాలం కాదు, అసనాలీకి గొర్రెలూ లేవు. ఇంకేం, గుసగుసలాడుకోవడానికి ఊరికి పండగే. పైగా ఆయన మాంసం మానేశాడు. నడుం పట్టీకి కొత్త బెజ్జాలు పొడుచుకున్నాడు.

“పెళ్ళికొడుకు పథ్యం మామా?” అన్నాడు కుబాత్.

“అవును. ముహూర్తం కూడా దగ్గర పడింది,” అన్నాడు ముసలాయన నవ్వకుండా.

వింత ఏమిటంటే, బాత్మా ఇంటి నుంచి వచ్చినప్పుడల్లా ఆయన మర విప్పి ఒక పళ్ళెం తీసేసేవాడు. ఎవరైనా శిష్యుడి బలం పెరిగేకొద్దీ బరువు పెంచుతారు. ఈయనది తిరకాసు లెక్క. కుబాత్‌కు అది అవమానంగా తోచింది. తీసేసిన పళ్ళేన్ని ఒకరోజు రహస్యంగా మళ్ళీ గుచ్చాడు. అసనాలీ గడప మీంచి ఒక్క చూపు చూసి మండిపడ్డాడు.

“నేను తీసింది పెట్టడానికి నువ్వెవడివిరా?”

“నా మీద జాలి అక్కర్లేదు మామా. మోయగలను.”

“నీ మీద జాలి ఎవరికుంది? ఎంతుండాలో అంతే ఉండాలి.”

ఆయనే మర విప్పబోయాడు. పట్టు చాలక మర కదల్లేదు. కుబాత్ తనే విప్పాడు. ఆ రోజు నుంచి బరువు గురించి మాట్లాడలేదు. వేకువనే వచ్చి గోతిలో దిగేవాడు. చేతులు బొబ్బలెక్కి, పగిలి, కాయలు కాచాయి. పందెం నాటికి ఇనుము అడుగున ఆనినప్పుడు పక్కనే గింజలేరుకునే కోడి తల కూడా ఎత్తేది కాదు.

పండుగ నాడు గాలి చల్లగా ఉందని అసనాలీ ఇల్లు కదల్లేదు. మధ్యాహ్నానికి కుబాత్ గెలిచిన పొట్టేలును ఈడ్చుకుంటూ వచ్చాడు. ముసలాయన పొయ్యి పక్కన బొంతల్లో పడుకుని ఉన్నాడు.

“గెలిచాను మామా.”

“చప్పుడయిందా?”

“లేదు. గుండు ఎప్పుడు నేల తాకిందో తీర్పు చెప్పే పెద్దాయనకే తెలీలేదు. జెనిష్ మొహం చూడాల్సింది నువ్వు.”

అసనాలీ సంతోషం పట్టలేక చేతులతో మొహం తుడుచుకున్నాడు. “నన్ను కాస్త కిటికీ వైపు మార్చు. కొండ కనబడాలి.”

కుబాత్ నేర్పినట్టే తుంటి దగ్గర వంగి, ఆయన భుజాల కింద, మోకాళ్ళ కింద చేతులు పోనిచ్చి ఎత్తాడు. చేతులకు ఆ బరువు కొత్తగా అనిపించలేదు. నాలుగడుగులు నడిచి, కిటికీ కింది బొంత మీద దించాడు. పొయ్యిలో పిడకలు కాలుతున్న చిటపట తప్ప ఏమీ వినబడలేదు. ముసలాయన ఈసారి కళ్ళు మూసుకోలేదు.

“బాగుంది,” అన్నాడు. “ఇక పళ్ళేలు తీయక్కర్లేదు.”

“పందెం అయిపోయింది కదా మామా, ఇక ఆ గొయ్యి పూడ్చేయనా?”

“పూడ్చెయ్. నేర్చుకోవాల్సింది నేర్చుకున్నావు.” అసనాలీ కొండ వైపు నుంచి చూపు తిప్పి మేనల్లుడి చెయ్యి పట్టుకున్నాడు.

“నన్ను మట్టిలోకి దించే రోజు, గోతిలో నువ్వే నిలబడరా.”