మూడో కాఫీ

వాన వెలిసేదాకా గుమ్మంలో నిలబడనిస్తావా అమ్మాయ్ అని అడిగాడు ఆ ముసలాయన.

ముబేరా చేతిలో గూఢచారి నవల ఉంది. మనసు ఇంకా అందులోనే ఉంది. సరయేవోలో కురుస్తున్న వానా, నవలలో కురుస్తున్న మంచూ కలిసిపోయి, తన చిన్నప్పటి యుద్ధంలోలా ఎదుటి కొండల మీద మళ్లీ ఫిరంగులు నిలబడ్డట్టే ఉంది ఆమెకు.

అయినా గుమ్మం దాకా వచ్చినవాడు అతిథే. లోపలికి పిలిచి, ఆ ఊరి ఆనవాయితీ ప్రకారం మొదటిది, స్వాగతం కాఫీ, ఇచ్చింది.

ఆయన పంచదార బిళ్లను కాఫీలో ముంచి నాలుక కింద పెట్టుకున్నాడు. పుస్తకం దేని గురించని అడిగాడు.

ఎవరైనా అడిగితే బాగుండునని ఆమె పొద్దున్నుంచీ చూస్తోంది. రెండోది, కబుర్ల కాఫీ, పోసి మరీ మొదలెట్టింది. యుద్ధంలో కొండ మీది శత్రుసేనలోనే ఉంటూ ఊళ్లోకి దొంగచాటుగా కబుర్లు చేరవేసిన గూఢచారి కథ. రాసిన విల్దానా వీధి వీధీ తిరిగి వివరాలు సేకరించింది. ముబేరా ఇంటికీ వచ్చింది.

ఇందులో తన సంగతీ ఉందని చెప్పింది ముబేరా. చిన్నప్పుడు, ఎన్నాళ్లుగానో మూగబోయిన ఫోన్ ఒక ఉదయం ఉన్నట్టుండి మోగింది. ఎత్తింది తనే. ఇవాళ నీళ్లకు వెళ్లొద్దని మీ అమ్మకు చెప్పు అంది ఓ మగ గొంతు. అమ్మ ఆగిపోయింది. నీళ్ల క్యూ మీద ఫిరంగి గుండు పడింది.

ఆ గొంతు ఇప్పటికీ కలలో మంచులోంచి వినిపిస్తుంది. ఆ మనిషి ఎదురుపడితే చేతులు పట్టుకుని ఏడవాలని ఆమె కోరిక.

ముసలాయన కప్పు కింద పెట్టాడు.

"ఒక్క ఇంటికి చేశాడు. మరి క్యూలో మిగతావాళ్లో? పిరికివాడమ్మా. అలాంటోడికి పుస్తకం ఒకటా."

ముబేరాకు ఒళ్లు మండింది.

"నోటికొచ్చినట్టు అనకండి పెద్దాయనా. దొరికితే కాల్చేసేవాళ్లు. తెలిసీ చేశాడు. నాకు మా అమ్మని మిగిల్చాడు. నా ఇంట్లో కూర్చుని ఆయన్ని ఒక్క మాటంటే ఊరుకోను."

లేచి వెళ్లి మూడో కాఫీ తెచ్చి ముందు పెట్టింది. మూడోది వచ్చిందంటే, తాగి ఇక వెళ్లిపొమ్మని ఆ ఊళ్లో అర్థం. బయట వాన ఏమాత్రం తగ్గలేదు.

ఆయన చుక్క మిగల్చకుండా తాగాడు. వానలోకి దిగి, టోపీ తీసి, ఆమెకు తల వంచాడు. వెటకారమనుకుని ఆమె తలుపు వేసేసింది.

చలికాలంలో పుస్తకాల దుకాణంలో విల్దానా కనిపించింది. ఆ ఫోన్ చేసిందెవరో ఇప్పటికైనా చెప్పమని ముబేరా బతిమాలింది.

"బతికుండగా చెప్పనని మాటిచ్చాను. కిందటి వారం పోయాడు," అంది విల్దానా. "ఆ రోజు వానలో మీ ఇంటికొచ్చిన ముసలాయనే. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు ముబేరా, 'ఇన్నేళ్లూ నన్ను నేనే తిట్టుకున్నాను, ఇవాళ ఒకమ్మాయి నా తరఫున నాతోనే పోట్లాడింది' అని."