దాచిన బొటనవేళ్లు

రైల్లో ఎదుటి సీట్లో నల్లసూటు కనపడగానే సయోరి కూతురి బొటనవేళ్లు రెండూ మడిచి గుప్పిళ్లలో దాచేసింది.

చావు ఎదురైతే బొటనవేలు దాచాలి. అది అమ్మానాన్నల వేలు, దాచకపోతే కీడు ఇంటిదాకా వస్తుందని నమ్మకం. చిన్నప్పుడు శవవాహనం పోతుంటే బడిపిల్లలంతా అదే పని చేసేవాళ్లు.

"అమ్మా, నొప్పి," అంది మూడేళ్ల ఫుకి.

"కాసేపు అలాగే ఉంచు తల్లీ."

ఇంకో రోజైతే ఇంత పట్టించుకునేది కాదేమో. ఇవాళ మాత్సుయే ఆసుపత్రిలో ఫుకి గుండెకు స్కానింగ్. పుట్టుకతోనే చిన్న రంధ్రం ఉందన్నారు. అది పూడిందో, పెరిగిందో ఇవాళ తేలుతుంది.

నల్లసూటు పెళ్లికీ అదే, చావుకీ అదే. టై తెల్లగా ఉంటే పెళ్లి, నల్లగా ఉంటే చావు. ఈ పెద్దాయన మెడలో అసలు టై లేదు. ముఖం మాత్రం చావింటి ముఖమే.

"కుందేలుకి టికెట్ తీశావా అమ్మడూ?" అన్నాడాయన, ఫుకి ఒళ్లోని గుడ్డబొమ్మను చూసి.

"మోచి చిన్నది. టికెట్ అక్కర్లేదు."

"చెవులు కలిపి కొలిస్తే నీకంటే పొడుగుందే."

ఫుకి కిలకిలా నవ్వింది. సయోరి నవ్వలేదు.

"చూడు, పిల్లల ఆసుపత్రిలో మోచిని పట్టుకుని కదలకుండా బజ్జోవాలి. సరేనా?" అంది కూతురితో, ఆయన మాట తుంచేస్తూ.

"మా అమ్మాయీ ఇంతే. కుందేలు లేందే నిద్రపోయేది కాదు." ఆయన కిటికీలోంచి మంచు పొలాల వైపు తిరిగాడు. "ఇంక ఇల్లు బోసిపోతుంది."

జేబురుమాలు తీసి కళ్లొత్తుకున్నాడు.

అయితే పోయింది కూతురే. సయోరికి జాలేసింది. జాలికన్నా ఎక్కువ భయమేసింది. కూతురి గుప్పిళ్లు ఇంకా గట్టిగా మూసింది.

మాత్సుయే వచ్చింది. తలుపు పక్కన మీట నొక్కి, అది తెరుచుకోగానే పిల్లను చంకనేసుకుని దిగింది.

"అమ్మా, ఆగండమ్మా."

తిరిగి చూసింది. నల్లసూటు కూడా దిగింది. జనం మధ్యలోంచి చెయ్యెత్తి ఏదో చూపిస్తోంది. దాని వెనకే రైలు తలుపులు మూసుకున్నాయి.

ఈయన ఇక్కడెందుకు దిగాడు?

బస్సెక్కేదాకా సయోరి మళ్లీ వెనక్కి చూడలేదు.

ఆసుపత్రి బల్ల మీద పడుకోబెట్టగానే ఫుకి చేతులు చాచింది.

"మోచి."

సంచిలో లేదు. కోటులో లేదు.

"నువ్వే కదా గుప్పిళ్లు మూశావు. మోచిని ఎట్లా పట్టుకోను?" ఫుకి గోడలదిరేలా ఏడుపు లంకించుకుంది.

"ఇలా తన్నుకుంటే స్కానింగ్ కుదరదమ్మా," అంది నర్సు. "డాక్టరుగారు ఒసాకా నుంచి వస్తారు. మళ్లీ రావడం వసంతానికే."

వసంతం దాకా రోజూ రాత్రి పిల్ల ఛాతీ మీద చెయ్యేసుకుని మేలుకోవాలి.

అప్పుడు రిసెప్షన్‌లో ఉండే ఆవిడ కాగితం సంచి పట్టుకుని లోపలికొచ్చింది.

"ఈ కుందేలు మీదేనా? టికెట్ లేదని రైల్లోంచి దింపేశారట."

ఫుకి మోచి చెవి నోట్లో పెట్టుకుని, వెక్కుతూ వెక్కుతూ నిద్రపోయింది.

డాక్టరు తెర వైపు చాలాసేపు చూశాడు.

"పూడిపోయింది. ఇక భయం లేదమ్మా."

నిద్రపోతున్న పిల్లను భుజానేసుకుని సయోరి రిసెప్షన్ దగ్గరికి పరుగున వెళ్లింది.

"ఇది తెచ్చినాయన ఎక్కడ?"

"ఎప్పుడో వెళ్లిపోయారు. మీరు భలే పరిగెత్తుతారటగా. మీ వెనకే వచ్చి రైలు అందుకోలేకపోయారట. ఇజుమో వెళ్లాల్సిన మనిషి. తరవాతి బండి గంటకు గానీ లేదు."

"ఏమన్నా అన్నారా?"

"నాతో ఇంకేమీ అనలేదు. ఇక్కణ్ణించే తమ్ముడికి ఫోన్ చేశారు. 'నాకోసం అందర్నీ ఆపకు, అమ్మాయిని నువ్వే తీసుకెళ్లు' అన్నారు. పెట్టేశాక గడియారం చూసుకున్నారు."

ఆయనకి కూతురి కడచూపు కూడా దక్కకుండా చేసింది తనేనా?

భుజం మీద ఫుకి చేతులు వదులుగా వేలాడుతున్నాయి. గుప్పిళ్లు ఎప్పుడో విచ్చుకున్నాయి.

మోచి మళ్లీ జారిపోకుండా ఆయన తెచ్చిన కాగితం సంచిలోనే పెట్టబోయింది. చేతికేదో తగిలింది.

సంచి అడుగున, ఇంకా మడత విప్పని కొత్త టై ఒకటి ఉంది, తెల్లటిది.